బండి కన్నా ముందు బాట చూడాలి
కాంపాక్ట్ ఎస్‌యూవీ ఎంపికలో మెట్ట ప్రాంత కొనుగోలుదారులు గమనించాల్సిన అంశాలు

ఉదయగిరి, ఆత్మకూరు: నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్ట మండలాల్లో కారు కొనదలచిన కుటుంబాల చూపు ఇప్పుడు కాంపాక్ట్ ఎస్‌యూవీల మీద ఉంది. ఒకప్పుడు ఈ దారుల్లో జీపు తప్ప మరొకటి నిలవదన్న నమ్మకం ఉండేది. ఎత్తుగా, జీపు పోలికతో కనిపించే ఈ చిన్న వాహనాలకు ఆదరణ పెరగడానికి ఆ నమ్మకం కూడా ఒక కారణం. అయితే పోలిక వేరు, పనితనం వేరు. రూ.10 లక్షలకు పైబడిన ఖర్చు కావడంతో ఎంపికలో పొరపాటు జరిగితే ఆ భారం ఐదారేళ్లపాటు ఇంటిల్లిపాదీ మోయవలసి వస్తుంది.

నాలుగు మీటర్ల కథ

కాంపాక్ట్ ఎస్‌యూవీ అనే తరగతి పన్ను నిబంధనల నుంచి పుట్టింది. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని ఇంజిను గల కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. ఆ కొలతల్లో ఇమిడేలా కంపెనీలు వాహనాలను రూపొందించడం మొదలైంది. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతీ విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, మహీంద్రా ఎక్స్‌యూవీ 300 వచ్చాయి. 2020లో విడుదలైన కియా సోనెట్ మన రాష్ట్రంలోని పెనుకొండ కర్మాగారంలోనే తయారైంది. అదే ఏడాది నిస్సాన్ మాగ్నైట్, 2021లో రెనో కైగర్, టాటా పంచ్ తక్కువ ధరతో రంగంలోకి దిగాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతల్లోని వాహనాలకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతంగా నిర్ణయించారు. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా దాని పెట్రోలు ఇంజిను 1462 సీసీ కావడంతో 40 శాతం పరిధిలోకే వెళ్లింది. విద్యుత్ కార్లకు 5 శాతమే. పక్కపక్కన నిలిపితే ఒకేలా కనిపించే రెండు వాహనాల ధరల్లో తేడా ఎందుకన్న ప్రశ్నకు చాలావరకు సమాధానం ఇదే.

షోరూం ధర చూసి లెక్క వేసుకోరాదు. జీవితకాల పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ కలిపితేనే అసలు ధర తేలుతుంది. జీవితకాల పన్ను శ్లాబుల ప్రకారం పెరుగుతుంది కనుక, రూ.10 లక్షల గీతను కొద్ది వేలతో దాటే మోడల్ తీసుకొనేవారు ముందుగా ఆన్‌రోడ్ ధరను కాగితంపై రాయించుకోవడం మేలు.

డీజిలా, పెట్రోలా?

మెట్ట ప్రాంతంలో డీజిల్ అంటే మక్కువ ఎక్కువ. ట్రాక్టరు, జీపు నడిపిన అలవాటు అందుకు కారణం. పాత లెక్క ఇప్పుడు పనిచేయదు. పెట్రోలు బండి లీటరుకు 14 కిలోమీటర్లు, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. లీటరు పెట్రోలు రూ.110, డీజిల్ రూ.97 చొప్పున కిలోమీటరుకు మిగిలేది దాదాపు రూ.2.50. డీజిల్ మోడల్‌కు అదనంగా పెట్టిన సొమ్ము రూ.1.25 లక్షలైతే, అది తిరిగి రావడానికి 50 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే ఉపాధ్యాయుడికో, చిన్న వ్యాపారికో ఆరేళ్లు పడుతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే గుత్తేదారుకు రెండేళ్లలోనే కిట్టుబాటవుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత పరికరం ఉంటుంది. ఇంజినులో పుట్టే మసిని అది పట్టి ఉంచుతుంది. బండి వేడెక్కి, ఒకే వేగంతో కొంతసేపు సాగితేనే ఆ మసి కాలి బూడిదవుతుంది. ఊళ్లోంచి పొలానికి, పొలం నుంచి బజారుకు రెండు మూడు కిలోమీటర్ల చొప్పున తిప్పితే మసి పేరుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. దానిని పట్టించుకోకపోతే మరమ్మతు ఖర్చు వేలల్లో ఉంటుంది, పరికరం మార్చాల్సి వస్తే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. వారానికి ఒకసారైనా నెల్లూరు వెళ్లివచ్చే పని ఉన్నవారికి ఈ చిక్కు లేదు. ఊరు దాటనివారికి పెట్రోలే శ్రేయస్కరం.

విద్యుత్ కారు విషయంలో ఉదయగిరి నుంచి నెల్లూరుకు రానుపోను సుమారు 200 కిలోమీటర్లని గుర్తుంచుకోవాలి. ఏసీ వేసుకొని, నలుగురితో వెళ్తే కంపెనీ ధ్రువీకరించిన దూరం రాదు. సీఎన్‌జీ తీసుకొనేవారు తమ దారిలో బంకు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఘాట్‌లో తేలే బలం

ఆత్మకూరు నుంచి మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్లే 67వ జాతీయ రహదారి వెలిగొండలను దాటుతుంది. మాగ్నైట్, కైగర్ ప్రారంభ మోడళ్లలో 999 సీసీ సాధారణ ఇంజిను సామర్థ్యం 72 హార్స్‌పవర్ లోపే. ఇద్దరు ప్రయాణించేటప్పుడు ఇబ్బంది ఉండదు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపి, ఏసీ వేసి ఘాట్ ఎక్కితే మాటిమాటికీ గేరు తగ్గించవలసి వస్తుంది. అదే పరిమాణంలోని టర్బో ఇంజిను 100 హార్స్‌పవర్ ఇస్తుంది. షోరూం ముందు చదును రోడ్డు మీద పది నిమిషాలు నడిపి తృప్తిపడడం వల్ల ఈ తేడా తెలియదు. కుటుంబ సభ్యులందరినీ ఎక్కించుకొని ఎత్తు దారిలో టెస్ట్ డ్రైవ్ అడగడం కొనుగోలుదారు హక్కు.

గ్రౌండ్ క్లియరెన్స్ నెక్సాన్‌కు 208, మాగ్నైట్‌కు 205, బ్రెజాకు 198, పంచ్‌కు 187 మిల్లీమీటర్లు. గ్రావెల్ బాటలకు, అడ్డదిడ్డంగా వేసిన స్పీడ్ బ్రేకర్లకు ఇది చాలు. కాని పైన చెప్పిన నాలుగూ ముందు చక్రాలతో నడిచే బండ్లే, ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. నల్లరేగడి బురదలో దిగబడితే ట్రాక్టరు రావలసిందే. నిజంగా అటువంటి దారే రోజూ ఉన్నవారికి నాలుగు మీటర్ల లోపు ఫోర్ వీల్ డ్రైవ్‌తో దొరికేవి మహీంద్రా థార్, మారుతీ జిమ్నీ. వాటిలో సామాను చోటు, వెనుక సీటు సుఖం తక్కువ.

చప్టాలపై పారే నీటి విషయంలో ఏ ఎస్‌యూవీనీ నమ్మరాదు. 2021 నవంబరులో పెన్నా వరదకు సోమశిల దిగువన రహదారులు నీట మునిగిన సంగతి తెలిసిందే. ఇంజినులోకి నీరు చేరితే లోపలి భాగాలు వంగిపోతాయి. సాధారణ సమగ్ర బీమాలో ఈ నష్టానికి పరిహారం దొరకడం కష్టం. ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ విడిగా తీసుకోవాలి. అలంకరణ సామగ్రికి వేలు పోసి దీనిని వదిలేయడం తెలివైన పని కాదు.

భద్రతలో నెక్సాన్ 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు పొందిన తొలి భారతీయ కారు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. కొనదలచిన మోడల్ ఏ ఏడాది, ఏ పరీక్షలో ఎన్ని నక్షత్రాలు పొందిందో అడిగి తెలుసుకోవాలి. వెనుక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే ఆ నక్షత్రాలు ఉపయోగపడవు.

వాయిదా భారం

కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్ముకొనే రైతుకు రాబడి ఏడాదికి ఒక కాలంలోనే ఉంటుంది. కారు వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. రూ.8 లక్షల అప్పుకు 9.5 శాతం వడ్డీతో ఐదేళ్లకైతే నెలకు సుమారు రూ.16,800, ఏడేళ్లకైతే రూ.13,075. వాయిదా తగ్గిందని సంతోషించేవారు మొత్తం మీద దాదాపు రూ.90 వేలు అదనంగా కడుతున్నట్లు గమనించరు. పంట రాబడికి అనుగుణంగా ఆరు నెలలకోసారి కట్టే వీలు కొన్ని రుణసంస్థలు కల్పిస్తున్నాయి. షోరూములో వారంతట వారు చెప్పకపోయినా అడగాలి.

అధీకృత సర్వీసు కేంద్రాలు అధికంగా నెల్లూరులోనే ఉన్నాయి. ఉదయగిరి నుంచి ప్రతి సర్వీసుకూ ఒక రోజు పని, ఇంధనం ఖర్చవుతాయి. కొనే ముందు ఆత్మకూరులోని మెకానిక్‌ను, ఆ బండి విడిభాగాలు, ఆ కొలత టైర్లు స్థానికంగా దొరుకుతాయా అని విచారించాలి. పై మోడళ్లకు వచ్చే పెద్ద అల్లాయ్ చక్రాల టైర్లు ఖరీదైనవి, గుంతల్లో త్వరగా దెబ్బతింటాయి. కొన్ని మోడళ్లలో స్టెప్నీ బదులు పంక్చరు కిట్ మాత్రమే ఇస్తున్నారు. రాత్రివేళ సీతారామపురం దారిలో టైరు చీలితే ఆ కిట్ ఎందుకూ కొరగాదు. డబ్బు కట్టేముందు డిక్కీ తెరిచి, కింది చాపను ఎత్తి చూడాలి.