రామన్ చదివింది బి.ఏ.!

1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన సి.వి. రామన్‌కి రెండు బంగారు పతకాలు వచ్చాయి. ఒకటి ఫిజిక్స్‌లో, సరే. రెండోది ఇంగ్లీషులో! డిగ్రీ కూడా బి.ఎస్సీ. కాదు, బి.ఏ. మన విశాఖ ఏవీఎన్ కాలేజీలో లెక్కలూ ఫిజిక్సూ చెప్పిన చంద్రశేఖర అయ్యర్ గారి అబ్బాయి, ఈ ఊళ్లోనే బడి చదువు చదివినవాడు. భాష రానివాడికి అప్పట్లో డిగ్రీ లేదు, ఎంత గొప్ప లెక్కల పండితుడైనా.

రామన్ ఒక్కడే కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివారు, తెలుగులో ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశారు, ‘కవిత్వతత్త్వ విచారము’ రాశారు, అది చాలదన్నట్టు అర్థశాస్త్రం మీదా పుస్తకం రాశారు. ఆయన్ని ఏ డిపార్ట్‌మెంట్‌లో కూర్చోబెడతారు?

1931లో ఆ కుర్చీలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయన హయాంలో వాల్తేరు కొండ మీద హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ పాఠాలు చెప్పారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తుంటే సైన్సు కాలేజీ లేచింది. ఆనర్స్ కోర్సులు మొదలయ్యాయి. ఒకే సబ్జెక్టులో లోతుకి దిగడం అప్పటి గొప్ప.

అదే రాధాకృష్ణన్ 1948లో స్వతంత్ర భారతపు తొలి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కి అధ్యక్షుడై, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో లోతు వైపు కాక వెడల్పు వైపు మొగ్గారు. సైన్సు విద్యార్థికి సాహిత్యం, సమాజం తెలియాలి. ఆర్ట్స్ విద్యార్థికి ప్రకృతి శాస్త్రం తెలియాలి. దానికి జనరల్ ఎడ్యుకేషన్ అని పేరు. అమెరికాలో హార్వర్డ్ వాళ్లు 1945లోనే ఇదే విషయం మీద పెద్ద నివేదిక అచ్చేశారు కాబట్టి ఊహ కొత్తది కాదు. మెచ్చుకోవాల్సింది వేరే ఉంది. లోతు ఎంత అవసరమో వాల్తేరులో దగ్గరుండి చూసినవాడే వెడల్పు కూడా కావాలన్నాడు.

తర్వాత కథ అంత ఘనంగా లేదు. యాభైల చివర్లో ఇంటర్మీడియట్ పోయి పీయూసీ, మూడేళ్ల డిగ్రీ వచ్చాయి. ఆ తర్వాత ఎప్పటికో ‘ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్’, ‘సైన్స్ అండ్ సివిలైజేషన్’ అందరికీ కామన్ పేపర్లయ్యాయి. నేనూ రాశాను లెండి. పరీక్షకి రెండు రోజుల ముందు గైడు కొని, సింధు నాగరికత నుంచి గాంధీ దాకా ఒక్క రాత్రిలో నడిచేశాను. మా క్లాసులో ఆ పీరియడ్ అంటే క్యాంటీన్ పీరియడ్. కోర్టు చెప్పాక పర్యావరణం పేపరు చేరింది, 2020-21 నుంచి లైఫ్ స్కిల్స్ కోర్సులొచ్చాయి. పేర్లు మారాయి గానీ గైడు మాత్రం మారలేదు.

పాపం సిలబస్‌ది కాదు, ప్రశ్నలది అంటాను. విశాఖ పిల్లలకి మొహెంజొదారో స్నానవాటిక కొలతలు అడిగేకన్నా ఇది అడగండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులేశాయి. యుద్ధకాలంలో యూనివర్సిటీ గుంటూరుకి తరలిపోయింది. పాతికేళ్లు తిరగకుండానే బైలదిల్లా ఇనుప ఖనిజం ఆ జపాన్‌కే పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్‌కి అనంతగిరి కొండలు తొలుచుకుంటూ రైలు మార్గం వేశాం. ఎందుకు? జవాబు రాయాలంటే భూగర్భశాస్త్రం కావాలి, చరిత్ర కావాలి, అర్థశాస్త్రం కావాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇసుక కొట్టుకొచ్చి ఓడరేవు కాలువ పూడిపోకుండా రెండు పాత ఓడల్ని సముద్రంలో ఎందుకు ముంచారో చెప్పడానికి ఫిజిక్స్ కావాలి. సొంత ఇనుప గనుల్లేని విశాఖ స్టీల్ ప్లాంట్ సంగతి ఎత్తితే రాజకీయం కూడా కావాలి.

ఇలాంటి ప్రశ్నకి గైడులో జవాబు దొరకదు. పేపరు సెట్ చేసే మాస్టార్లూ, ఈసారికి ఒక్కటంటే ఒక్కటి ఇవ్వండి.