కారు నిలిపిన దావా – కాలం చెల్లిన సలహా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయగలవారు మనలో ఎందరో ఉన్నారు. నేను 34 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో సగం తపాలా సీటులోనే గడిచింది. కనుక ఒక కవరు చరిత్ర వ్రాస్తాను.

2023 వేసవిలో నేనూ, మా ఆవిడా ఇంగ్లాండులోని రెడింగ్ పట్టణంలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. అక్కడ నాకు పని తక్కువ. గుమ్మం దగ్గర పడిన ఉత్తరాలు ఏరి బల్ల మీద పెట్టడం నా వంతు. ఒక మూల విప్పని కవర్లు దొంతరగా ఉన్నాయి. ఏమిటని అడిగితే అబ్బాయి నవ్వి, "అవన్నీ పార్కింగు కంపెనీ బెదిరింపులు నాన్నగారూ. ప్రభుత్వ జరిమానా కాదు. పట్టించుకోవద్దని ఇక్కడ అందరూ అంటారు" అన్నాడు.

పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. అన్నీ విప్పి తేదీల వరుసన పెట్టాను. చివరి కవరు కంపెనీది కాదు. నార్తాంప్టన్‌లోని కౌంటీ కోర్టు కేంద్రం నుంచి వచ్చిన దావా పత్రం. జారీ అయి అప్పటికి 16 రోజులు. అక్కడి నిబంధన ప్రకారం జారీ అయిన 5వ రోజున అందినట్లు లెక్క. అక్కడినుంచి 14 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంటే మాకు మిగిలినది 3 రోజులు!

దావా మొత్తం 255 పౌండ్లు, ఆపైన వడ్డీ. అసలు చార్జీ 100, వసూలు ఖర్చని 70, కోర్టు ఫీజు 35, వకీలు ఖర్చు 50. మన లెక్కలో సుమారు 26 వేల రూపాయలు. నన్ను భయపెట్టినది సొమ్ము కాదు. జవాబు లేకపోతే మన భాషలో ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. నెలలోగా చెల్లించకపోతే ఆ తీర్పు 6 ఏళ్ళు రిజిస్టరులో ఉంటుంది. అప్పు ఇచ్చే బ్యాంకులు ఆ రిజిస్టరు చూస్తాయి. అబ్బాయి ఆ నెలలోనే ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఇంతకూ "పట్టించుకోవద్దు" అనే సలహా ఎక్కడ పుట్టింది? అది తప్పుడు సలహా కాదు. ఒకప్పుడు చాలావరకు పనికివచ్చినదే. ఆ చరిత్ర తెలుసుకోదగినది.

ప్రైవేటు స్థలంలో కారు నిలిపినవానికీ, స్థలం నడిపేవారికీ మధ్య ఉండేది ఒప్పందం మాత్రమే. ఆ ఒప్పందపు షరతులు ముందుగా కనబడాలన్నది పాత సూత్రం. లండనులో ఒక ట్రంపెట్ వాద్యకారుడు కారు పార్కులో గాయపడగా, ఆవరణలో ప్రదర్శించిన షరతులకు లోబడి ఇస్తున్నట్లు టికెట్ మీద ఉందని కంపెనీ వాదించింది. యంత్రం టికెట్ ఇచ్చేసరికే ఒప్పందం పూర్తయిందనీ, తరువాత చూపే షరతులు చెల్లవనీ లార్డ్ డెన్నింగ్ తేల్చారు. 1971 లా రిపోర్టులలో ఉన్న ఈ థార్న్‌టన్ కేసు మన న్యాయ విద్యార్థులూ చదువుతారు.

తరువాత చక్రాలకు ఇనుప బిగింపులు వేసే కాలం వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ ఒంట్లో బాగోలేక దారిలో కారు ఆపిన ఒక మహిళ చక్రానికి బిగింపు వేసి 105 పౌండ్లు వసూలు చేశారు. పక్కనున్న పెద్ద వాహనం అడ్డమై బోర్డు ఆమెకు కనబడలేదు. కనబడని షరతుకు ఆమె ఒప్పుకున్నట్లు కాదని 2000లో అప్పీలు కోర్టు చెప్పింది.

ఆ రోజుల్లో కాగితపు నోటీసు మాత్రం బలహీనమైనది. ఒప్పందం కారు నడిపినవానితో. నడిపినది ఎవరో కంపెనీయే రుజువు చేసుకోవాలి. రిజిస్టరులో యజమాని పేరు దొరికినా, అతనే నడిపాడనడానికి సాక్ష్యం ఏది? అందుకే ఎందరో కవర్లు విప్పకుండా పారవేసేవారు. సలహా పుట్టుక అదీ.

2012లో పార్లమెంటు స్వేచ్ఛల రక్షణ చట్టం చేసింది. ఇంగ్లాండు, వేల్సులలో ప్రైవేటు స్థలంలో బిగింపు వేయడం నేరమైంది. కానీ ఒక చేత్తో తీసుకుని మరో చేత్తో ఇచ్చారు. అదే చట్టం 4వ షెడ్యూలు ప్రకారం, నడిపినవారు తెలియకపోతే కారు ఎవరి పేర నమోదై ఉందో వారినుంచే వసూలు చేయవచ్చు. అయితే కంపెనీకీ గడువులున్నాయి. కెమెరా ద్వారా మాత్రమే పట్టుకున్నప్పుడు నోటీసు 14 రోజులలోగా అందాలి. 2012 అక్టోబరు 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది.

మిగిలిన వాదన "ఇది నష్టపరిహారం కాదు, దండన" అనేది. 1914లో డన్‌లప్ టైర్ల కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ వేసిన గీత అది. ముందుగా అంచనా కట్టిన నష్టమైతే చెల్లుతుంది, భయపెట్టే దండన అయితే చెల్లదు. చెమ్స్‌ఫర్డ్ పట్టణంలో బారీ బీవిస్ అనే చేపల వేపుళ్ళ దుకాణదారు 2013 ఏప్రిల్లో 2 గంటల ఉచిత పార్కులో 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. 85 పౌండ్ల చార్జీ మీద సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 2015 నవంబరు 4న 6–1 మెజారిటీతో ఓడిపోయాడు. చోటు ఖాళీ అవుతూ ఉండడంలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉందనీ, బోర్డులు పెద్దవిగా స్పష్టంగా ఉన్నాయనీ, మొత్తం మితిమీరినది కాదనీ కోర్టు భావించింది.

మన దేశంలో ఈ చిక్కు ఇలా రాదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను దండన, పరిహారం అనే తేడానే తీసివేసింది. ఒప్పందంలో ఎంత వ్రాసినా, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. తెలంగాణలో 2018లో మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు ఉచితమని ప్రభుత్వమే జీవో ఇచ్చింది.

మిత్రులారా, రద్దయిన జీవో పట్టుకుని ఫైలు నడిపితే ఏమవుతుందో మనకు తెలుసు. మా అబ్బాయి స్నేహితుల సలహా అటువంటిదే. 2012లో సగం, 2015లో మిగతా సగం రద్దయింది.

ఆ రాత్రే కంప్యూటరులో "దావా అందినది" అని నమోదు చేయించాను. దానితో జవాబుకు, అందినట్లు లెక్కించిన తేదీనుంచి మొత్తం 28 రోజులు వచ్చాయి. అబ్బాయి ఎక్కడినుంచో తయారు జవాబు ఒకటి తెచ్చాడు. అందులో మా కేసుకు సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు. "ఇది వద్దు. పేరాల వారీగా రిమార్కులు వ్రాద్దాం" అన్నాను. రిట్ పిటిషన్లకు మనం ఎన్ని వ్రాయలేదు! వాది చెప్పిన ప్రతి పేరాకు ఒప్పుకుంటున్నామా, కాదంటున్నామా, రుజువు చేయమంటున్నామా అన్నదే అక్కడా కావలసినది.

"కారు నడిపింది నేనే కదా, అది చెప్పాలా?" అని అడిగాడు. కింద సత్య ప్రమాణం చేసి సంతకం పెట్టాలి కనుక ఉన్నదున్నట్లు వ్రాయమన్నాను. జరిగినది ఇంతే: వాడు సొమ్ము చెల్లించాడు, కానీ యంత్రంలో కారు నంబరు కొట్టేటప్పుడు సున్నా బదులు ఓ అక్షరం పడింది. ఆ రోజు బ్యాంకు పద్దు మా కోడలు వెతికి తీసింది. "మొదటి ఉత్తరానికే ఇది పంపి ఉంటే సరిపోయేది కదా మామయ్యగారూ" అంది. నిజమే.

అయిదు నెలల తరువాత, విచారణకు ముందే, కంపెనీ దావా ఉపసంహరించుకుంది. గెలిచామని చెప్పుకోను. విచారణ జరిగి ఉంటే న్యాయమూర్తి ఏమనేవారో తెలియదు. ఇంటి రుణం మాత్రం మంజూరైంది.

ఒక మాట దాచకుండా వ్రాస్తాను. నేను ఉద్యోగంలో ఉండగా, భూసేకరణ విషయంలో ఒక రైతుకు వెళ్ళవలసిన నోటీసు నా బల్ల మీద 9 రోజులు ఉండిపోయింది. ఆయన ఆఫీసుకు వచ్చేసరికి అభ్యంతరాల గడువు దాటింది. నన్నెవరూ అడగలేదు. ఆయనా అరవలేదు, మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. రెడింగ్‌లో ఆ కవరు మీద తేదీ లెక్కపెడుతుంటే నాకు ఆయనే జ్ఞాపకం వచ్చాడు.

మన పిల్లలు ఏ దేశంలో ఉన్నా, ఇంటికి వచ్చిన కవరు విప్పమని చెప్పండి. అందిన తేదీ దాని మీద వేయమనండి. ఆ తరువాతే సలహాలు.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.