రాజు విలువ, మంత్రి బలం: తెలుగు కథానాయకుడు – చదరంగం పావులు

తెలుగు తెరకు చదరంగం పేరు కొత్త కాదు. ఎస్.వి. రంగారావు దర్శకత్వంలో 1967లో ‘చదరంగం’ వచ్చింది. 2020లో శ్రీకాంత్ ప్రధాన పాత్రలో రాజకీయ నేపథ్యమున్న వెబ్ సిరీస్‌కూ అదే పేరు పెట్టారు. 2021 ఫిబ్రవరి 26న విడుదలైన చంద్రశేఖర్ యేలేటి చిత్రం ‘చెక్’ ఆటనే కథలోకి తెచ్చింది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలోని కథాచర్చల్లో రూపుదిద్దుకునే కథానాయకుడు బోర్డు మీద ఏ పావుకు దగ్గరగా ఉంటాడన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పావుల బలాబలాలు

అరవై నాలుగు గళ్లలో ఒక్కో పక్షానికి పదహారు పావులు. ఖాళీ బోర్డు నడిమధ్యన నిలిచిన మంత్రికి 27 గళ్లు అందుబాటులో ఉంటాయి. ఏనుగు ఎక్కడున్నా 14 గళ్లను శాసిస్తుంది. ఐమూలగా నడిచే శకటుకు మధ్యలో 13, అంచున 7. గుర్రం మధ్యలో 8 గళ్లను బెదిరిస్తుంది, మూలకు చేరితే రెండింటినే. బంటుకు 1, గుర్రానికీ శకటుకూ 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అని ఆటగాళ్లు వేసుకునే లెక్క ఉజ్జాయింపు మాత్రమే. నిలిచిన గడిని బట్టి ఆ లెక్క తారుమారవుతుంది. రాజుకు ఈ లెక్కలో చోటు లేదు. అటూ ఇటూ ఒక్క గడే కదులుతాడు, కానీ అతడు చిక్కితే ఆటకట్టు.

మంత్రి బలం కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. పాత ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే నడిచేవాడు. 15వ శతాబ్దం చివర్లో ఐరోపాలో నియమాలు మారాకే బోర్డంతా తిరిగే పావు అయ్యాడు.

ఒకే మనిషిలో ఇద్దరు

మన వాణిజ్య చిత్రాల కథానాయకుడు రాజులా కథకు ప్రాణం, మంత్రిలా ఎక్కడికైనా దూసుకుపోతాడు. చదరంగం ఈ రెంటినీ ఒక్కరికే ఇవ్వదు. అతి విలువైనవాణ్ణి బలహీనుణ్ణి చేసింది కాబట్టే మిగతా పావులన్నిటికీ పని దొరికింది. కథానాయకుడే అన్ని పనులూ చేసే చిత్రంలో పక్కపాత్రలు వెలవెలబోవడానికి మూలం ఇక్కడుంది.

‘చెక్’ ఈ రెంటినీ విడదీసింది. నితిన్ పోషించిన ఆదిత్య మరణశిక్ష పడ్డ ఖైదీ. జైలు గోడలు అతణ్ణి రాజు నడకకే పరిమితం చేశాయి. బయట తిరిగి వాదించే పని న్యాయవాది మానసది (రకుల్ ప్రీత్ సింగ్). ఆట నేర్పే పని తోటి ఖైదీ శ్రీమన్నారాయణది (సాయిచంద్). ఆట చివరి దశలో పావులు పలచబడ్డాక దాక్కున్న రాజు బయటికొచ్చి తన బంట్లకు దారి కాస్తాడు. ఆదిత్య పాత్రకు ఆ దశే సరైన నమూనా.

బంటు దారి

వెనక్కి నడవలేని పావు బంటు ఒక్కటే. నేరుగా నడుస్తుంది, ఐమూలగా చంపుతుంది. ఎనిమిదో వరుస చేరితే మంత్రో, ఏనుగో, శకటో, గుర్రమో అవుతుంది, రాజు మాత్రం కాలేదు. పరిశ్రమలో ఈ నియమం చెల్లదు. 1990 నాటి ‘కర్తవ్యం’లో చిన్న పాత్ర వేసి, సహాయ దర్శకుడిగానూ పనిచేసిన రవితేజ తర్వాత కథానాయకుడయ్యారు. కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టుల ఆశ బోర్డు ఒప్పుకోని ఆ మార్పు మీదే.

ముగింపు

కోనేరు హంపి 2019, 2024లలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. ఈ విజయాలతో ఆటపై ఆసక్తి పెరిగిన ప్రేక్షకుల ముందు చదరంగాన్ని ఎత్తులు, పైఎత్తులనే సామెతకు కుదిస్తే సరిపోదు. కదలలేని రాజు చుట్టూ కథ అల్లినప్పుడే న్యాయవాదికీ గురువుకీ చేతినిండా పని దొరుకుతుందని ‘చెక్’ నిర్మాణం చూపింది. రచయితలు చదరంగం నుంచి తెచ్చుకోవలసింది పావుల మధ్య ఈ పని పంపకమే.