పాత పికప్ బాడీ, కొత్త ఢాంచా

మన చిలకలూరిపేట మీదుగా పోయే హైవేని బుజుర్గులు ఇప్పటికీ మద్రాసు రోడ్డనే అంటారు. ఈ రోడ్డును నమ్ముకుని బతికిన మన ఖాందాన్‌లలో డ్రైవరో, మెకానిక్కో, వెల్డరో, పెయింటరో లేని ఇల్లు తక్కువ. అందుకే ఈ సవాల్ మనకు కొత్త కాదు: దాదా జమానా నాటి పికప్ బాడీ దొడ్లో పడుంది, దాన్ని ఇప్పటి బండి ఛాసిస్ మీద ఎక్కించొచ్చా? జవాబు కోసం కాస్త తారీఖ్ తిరగేయాలి.

అసల్‌లో ఛాసిస్, బాడీ పుట్టుకతోనే వేరు. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డకమ్ములు, వాటికి బిగించిన ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు. ఇదీ ఢాంచా. దాని మీద బోల్టులతో బిగించే లిబాస్ బాడీ. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1917లో టీటీ ట్రక్కును ఉట్టి ఛాసిస్‌గానే అమ్మింది. పెట్టె కట్టించుకోవడం కొన్నవాడి పని. పికప్ బాడీని ఆ కంపెనీ తానే బిగించి అమ్మడం 1925లో మొదలైంది.

మన దేశంలోనూ అదే రివాజ్. 1954లో టెల్కో, జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు తీయడం మొదలుపెట్టాక, ఊరూరా బాడీ కట్టే కారీగర్లకు చేతినిండా పని దొరికింది. బెజవాడ ఆటోనగర్ పెరిగింది ఇలాంటి హునర్ మీదే. ఇక్కడి సరుకు పత్తి బోరేలు, మిర్చి టిక్కీలు. తూకం తక్కువ, జాగా ఎక్కువ. అందుకే పక్క పలకలు ఎంత ఎత్తు లేపాలో, తాళ్లకు కొక్కేలు ఎక్కడ పెట్టాలో మిస్త్రీకి సరుకును చూస్తేనే తెలిసేది. ఛాసిస్ కంపెనీది, అందాజ్ మనవాళ్లది.

పాత బాడీని కొత్త ఢాంచా మీద కూర్చోబెట్టడం కూడా ఆ హునర్‌లో భాగమే. మొదట చూడాల్సింది ముందు, వెనక చక్రాల మధ్య దూరం. అది తేడా వస్తే చక్రం మడ్‌గార్డు మధ్యలోకి రాదు. తర్వాత బోల్టు కన్నాలు, రేడియేటర్ ఎత్తు, స్టీరింగు రాడ్డు వాలు, పెడల్స్ చోటు. కుదరనప్పుడు బాడీని కోసి సర్దాలే తప్ప, ఛాసిస్ దూలాన్ని ఇష్టమొచ్చినట్టు కోసి వెల్డింగు పెడితే అక్కడే బలం పోతుంది, జాన్‌కే ఖతరా. ఇంకోటి, ఇదంతా నిచ్చెన ఢాంచా ఉన్న బండ్లకే చెల్లుతుంది. బొలెరో, టాటా 207 లాంటివి ఆ జాతి. అంబాసిడర్, మారుతి 800లో బాడీయే ఢాంచా. లిబాస్ విప్పితే జిస్మ్ మిగలదు.

ఇక కానూన్ సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది. కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంది. ఉట్టి ఛాసిస్ కొని బాడీ కట్టించడం నేటికీ ఉంది, కాకపోతే మంజూరైన నమూనా ప్రకారమే కట్టాలి. పోనీ వింటేజ్ బండిగా రాయించుకుందామా అంటే, 2021 రూల్స్ ఇంకో షరతు పెట్టాయి. బండికి 50 ఏళ్లు దాటాలి, వ్యాపారానికి వాడకూడదు, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. అంటే పాత బాడీ కింద కొత్త ఛాసిస్ పెడితే వింటేజ్ దర్వాజా మూసుకుంటుంది, మామూలు బండిగా రోడ్డెక్కాలన్నా ఇజాజత్ కష్టం. మన తాతల కాలంలో రోజువారీ మరమ్మత్ అనిపించిన పని నేడు కానూన్ దృష్టిలో తప్పు. రోడ్డు మీద జనం ప్రాణాలు చూస్తే ఆ సఖ్తీకి కారణం లేకపోలేదు.

అందుకని నా సలహా: దొడ్లో బాడీతోపాటు దాని పాత ఛాసిస్, ఆర్సీ కాగితం ఉంటే వాటిని విడదీయకండి. తుక్కు కింద తూకానికి వేసే ముందు పెద్దవాళ్లను అడగండి.

ఇంకో మాట. నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 ఆల్బియన్ బస్సులతో మొదలైంది. దాని వారసురాలైన ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం యాద్‌గార్ అని చెబుతారు. అలా ఒక అమ్మ పేరు నంబరు ప్లేటు మీద మిగిలింది. బాడీలు కట్టిన ఉస్తాద్‌ల పేర్లు ఎక్కడున్నాయి? ఆర్సీలో ఛాసిస్ నంబరుకు గడి ఉంది, ఇంజను నంబరుకు గడి ఉంది, బాడీ కట్టిన చేతికి గడి లేదు. మీ నానా, మీ మామూ ఏ షెడ్డులో, ఏ ఉస్తాద్ దగ్గర షాగిర్దీ చేశారో, తొలిసారి ఏ బండికి బాడీ కట్టారో ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.