లిఫ్టు లేవనన్న రోజులు

నూజివీడు తోటల్లోకి ట్రాక్టర్లు దిగిన కొత్త రోజుల సంగతి చెబుతా, ఇలా అరుగు మీదకి జరిగి కూర్చో అబ్బాయ్. ఆ ఫోను జేబులో పెట్టు. 2022 నుంచి మనల్ని ఏలూరు జిల్లా అంటున్నారు గానీ, నా నోటికి కృష్ణా జిల్లా అనే వస్తుంది. ఇంత వయసొచ్చాక నోటిని తిప్పుకోమంటే ఎలా?

అంతకు ముందు తోట దున్నకమంతా అరకలతోనే. ఎర్ర నేల, గరుసు నేల. వాన పదును ఆరితే కర్రు దిగేది కాదు. అలాంటి చోట ఎర్ర బండి, అదే మాసీ ఫెర్గూసన్, ఊళ్లోకి వచ్చిందంటే ముత్తయిదువలు హారతి పట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆసామి తెల్ల పంచె నలగకుండా మడ్‌గార్డు మీద కూర్చుని తోటకి వెళ్లేవాడు. ఇక డ్రైవరుకి కొత్త అల్లుడి మర్యాదే! ఇంట్లో మొదటి కాఫీ గ్లాసు అతనికే. పాకహోటల్లో టీ పదిహేను పైసలు, డీజిలు లీటరు రూపాయి లోపు. 1973లో అరబ్బు దేశాల చమురు గోల వచ్చాక గానీ డీజిలు ధర గురించి రచ్చబండ మీద మాట్లాడుకోవడం ఎవరూ ఎరగరు.

ఆ బండిలో మమ్మల్ని నోరు వెళ్లబెట్టించింది ఇంజను కాదు, వెనకాల ఉన్న హైడ్రాలిక్కు. నాగలికి రాయో, మామిడి వేరో అడ్డుపడి లాగుడు బరువెక్కిందనుకో. నాగలిని పైన బండికి కలిపే కడ్డీ, అదే టాప్ లింకు, ముందుకి నెట్టుకొచ్చి ఒక స్ప్రింగుని నొక్కుతుంది. స్ప్రింగు లోపలి వాల్వుని కదుపుతుంది, పంపు ఆయిలు తోస్తుంది, నాగలి కాస్త పైకి లేస్తుంది. బరువు తగ్గగానే మళ్లీ దిగుతుంది. డ్రైవరు లివరు మీద చెయ్యి వెయ్యక్కర్లేదు. మనిషి చూడని వేరుని ఆ స్ప్రింగు చూసినట్టుండేది! ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే నాకు ముచ్చటే.

ఇది హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు ఆయన బుర్రలో పుట్టింది. ఆయన 1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా, చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. మన వాళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకునేవారు చూడు, అదే మాట మీద నమ్మకం. కానీ ఫోర్డు మనవడి చేతికి పెత్తనం వచ్చాక ఆ మాట నిలవలేదు. కోర్టుకెక్కారు. చివరికి 1952లో ఫెర్గూసన్‌కి తొంభై రెండున్నర లక్షల డాలర్లిచ్చి రాజీ పడ్డారు. మద్రాసులో టాఫే కంపెనీ 1960లో పెట్టాక ఆ ఎర్ర బండి మన తోటల దాకా వచ్చింది. సరే, ఎక్కడికో పోయాం. నాగలిని ఎత్తే ఆ హైడ్రాలిక్కునే లిఫ్టు అంటాం, దాని సంగతి చెప్పాలి.

ఒక ఏడు తొలకరి పడింది, చెట్ల మీద చివరి కోత రసాలు నాలుగు మిగిలున్నాయి. దున్నకానికి బండి తీస్తే లిఫ్టు లేవలేదు. ఇంజను బ్రహ్మాండంగా ఆడుతోంది, వెనక చేతులు మాత్రం కదలవు. ఇక సలహాలు మొదలు! పంపు పోయిందన్నాడొకడు. బెజవాడ పోయి కొత్తది తేవాలన్నాడు ఇంకొకడు. సీటు విప్పి, పై కవరు ఊడదీద్దామని పానాలు పట్టుకొచ్చారు కుర్రాళ్లు. నీ ఈడు వాళ్లే లే. విప్పడానికి ఉన్న హుషారు బిగించేటప్పుడు ఏ కుర్రాడికీ ఉండదు.

ఇంతలో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ సైకిలు మీద వచ్చాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. పానా తియ్యలేదు. "ఆఖరుసారి ఈ బండితో ఏం చేశారు?" అనడిగాడు. బావి దగ్గర బెల్టు తగిలించి నీళ్లు తోడాం అన్నారు. ఆయన క్లచ్చి తొక్కి, సీటు కింద ఎడమ పక్కన, ఇంజను తిప్పుడుని వెనక బెల్టుకి అందించే పీటీవో లివరుని టక్కుమని వేశాడు. వెనక చేతులు మెల్లగా పైకి లేచాయి! ఆ మోడలులో హైడ్రాలిక్ పంపు తిరగాలంటే ఆ లివరు వేసి ఉండాలి. నీళ్లు తోడాక దాన్ని న్యూట్రల్లోకి తోసి మరిచారు. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే. మేస్త్రీ డబ్బులు ముట్టలేదు. గంపెడు రసాలు సైకిలు వెనక కట్టి పంపించారు.

ఆయన దగ్గర కూర్చుంటే చాలా తెలిసేది. బండిని సమంగా ఉన్న చోట నిలిపి గేజీ తీసేవాడు. ఆయిలు బొట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది వాసన చూసేవాడు. తెల్లబడితే నీళ్లు కలిశాయి, నురగొస్తే గాలి పీలుస్తోంది. నాగలి ఎత్తి ఇంజను ఆపించేవాడు. నాగలి దానంతటదే కిందికి జారిందా, పంపు జోలికి పోకు, ఆయిలు ఎక్కడో వెనక్కి కారుతోంది, సిలిండరూ వాల్వూ చూడు అనేవాడు. దున్నేటప్పుడు నాగలి ఊరికే ఎగిరెగిరి పడుతుంటే టాప్ లింకు దగ్గరి స్ప్రింగుని పట్టి ఊపేవాడు. అక్కడ వదులుంటే వాల్వుకి తప్పుడు కబురు పోతుంది. పైనుంచి చూడాల్సినవన్నీ అయ్యేదాకా బోల్టు మీద పానా పెట్టనిచ్చేవాడు కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అస్తమానం అనేవాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నువ్వు దుబాయ్‌లో మరమ్మతు చేస్తున్న పడవ, ఆటోపైలట్ వెయ్యగానే వంకర్లు పోతోందన్నావు కదా. దాని చుక్కాని తిప్పేదీ ఆయిలే. కంపెనీ వాళ్లని పిలిచే ముందు ఆ ఆటో తీసేసి చక్రం చేత్తో తిప్పి చూడు. చేతికి మెత్తగా, స్పాంజీగా తగిలితే ఆయిల్లో గాలి చేరింది. చక్రం దగ్గర ఒక మనిషిని పెట్టి, మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పిస్తూ, ట్యాంకు ఖాళీ అవకుండా ఆయిలు పోయిస్తూ ఉండు. చుక్కాని దగ్గరి సిలిండరు నిపిల్ వదులు చేసి బుడగలు ఆగేదాకా వదిలి, బిగించు. చక్రం గట్టిగా, సవ్యంగా ఉందనుకో, అప్పుడు ఆయిలుని అనక్కర్లేదు. దిక్సూచి పక్కన ఎవరైనా స్పీకరో ఇనప పెట్టో పెట్టారేమో చూడు. చుక్కాని ఎంత తిరిగిందో ఆటోకి చెప్పే ఫీడ్‌బ్యాక్ కడ్డీ ఉంటుందన్నావే, దాని రెండు కొసలూ పట్టుకుని ఊపు. బోల్టు వదులైతే నీకు చేతికే తెలుస్తుంది.