మన యిండ్ల మందలు తగ్గిన వైనము

పూర్వము కొమరోలు సీమలో ఒక యింటి కలిమిని తెలియగోరువారు పొలమెంత యని మాత్రమే గాక, దొడ్డిలో తలలెన్ని యనియు అడిగెడివారు. ఒక కాడి యెద్దులు, రెండు మూడు ఆవులు, పెయ్యలు, కోడెదూడలు కలసి ఏడెనిమిది తలలున్న యిల్లు నిలకడగల యిల్లని లోకుల భావము. నేడు అట్టి దొడ్లు అరుదైనవి. ఈ మార్పు ఒక్క దినమున వచ్చినది కాదు. దాని వెనుక నూటయేబది యేండ్ల చరిత్ర గలదు.

ఒకవైపు నల్లమల, మరొకవైపు వెలికొండలు, నడుమ సగిలేరు గల మెట్టనేల మనది. ఇచ్చట ఆవును పాలకొరకు పెంచుట తక్కువ. ఎద్దులకు తల్లియని పెంచుట యెక్కువ. దుక్కికి, బావిపై కపిలకు, బండికి ఎద్దులే ఆధారము. పేడ పొలమునకు ఎరువు. జొన్నచొప్ప పశువునకు మేత. ఇట్లు చేను మందను, మంద చేనును పోషించెడివి.

ఈ బంధమును తొలుత తెంచినది కరువు. 1876-78 నాటి ధాత కరువున కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరముగ దెబ్బతినినవి. మన ప్రాంతము ఆనాడు కర్నూలు జిల్లాలోనిదే; 1970లో గాని ప్రకాశము జిల్లా యేర్పడలేదు. వామి తరిగిన వెనుక పశువులు మందలుగా కూలినవి. పిదప వానలు కురిసినను దున్నుటకు ఎద్దులు లేక రైతులు అలమటించిరి. కరువు పోయినను కాడి తిరిగి రాలేదు.

రెండవది అడవి కట్టుబాటు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో రక్షితవనములు ఏర్పడెను. మేపుటకు పుల్లరి చెల్లింపవలసి వచ్చెను. నల్లమలకు ఆవలనున్న పల్నాటిలో ఈ పుల్లరిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. అటుపిమ్మట 1983లో నాగార్జునసాగరము-శ్రీశైలము పులుల అభయారణ్యము ప్రాజెక్టు టైగరులో చేరెను. వనరక్షణ అవసరమే, కాని మేతకు అడవిని నమ్మిన చిన్న మందలకు దారి ఇరుకైనది.

మూడవది యంత్రము. విద్యుత్ మోటారు వచ్చి కపిలను, ట్రాక్టరు వచ్చి నాగలిని మూల చేర్చినవి. జొన్న వేసిన చేలలో ప్రత్తి, పొగాకు, మిరప వేయగా చొప్ప తరిగెను. పశుగణన లెక్కల ప్రకారము దేశమున గోజాతి మగపశువులు 2012లో సుమారు 6 కోట్ల 79 లక్షలుండగా, 2019 నాటికి 4 కోట్ల 74 లక్షలకు దిగినవి. ఎద్దుతో పని తీరిన వెనుక, ఎద్దులకు తల్లియైన ఆవునకును స్థానము తగ్గెను. పాడికి గేదె ముందు వచ్చెను. 2019లో ఆంధ్రప్రదేశమున ఆవులు, ఎద్దులు కలసి దాదాపు 46 లక్షలు కాగా, గేదెలు 62 లక్షలు.

కావున మందను తగ్గించుట తప్పని చెప్పుటకు వీలులేదు. పెద్ద పశువొకటి దినమునకు ఆరు కిలోల యెండుమేత తినునని కొందము. ఎనిమిది తలలకు నాలుగు నెలల యెండకాలమున 5,760 కిలోలు కావలెను. మూడు తలలకు 2,160 కిలోలు చాలును. వామి చూచి మందను నిర్ణయించుట వివేకము. వామి తరిగినపిమ్మట సంతకు తోలుట విధిలేక చేయుపని. అప్పుడు ఊరంతయు అమ్మువారే. కొనువాడు చెప్పినదే ధర.

తగ్గించుటలోను ఒక క్రమము గలదు. ధర వచ్చునని మంచి పెయ్యను ముందుగా అమ్మి, ఈతలు ఉడిగినదానిని మిగుల్చుకొనిన యింట మూడేండ్లలో దొడ్డి శూన్యమగును. ఏటేట ఈనెడి ఆవును, దాని పెయ్యను నిలుపుకొని తక్కినవానిని తగ్గించిన యింట వంశము నిలుచును. ఒంగోలు జాతి పశువులు సముద్రము దాటి బ్రెజిలులో నెల్లూరు పేరిటనే వర్ధిల్లి, అచ్చటి గోసంపదకు ఆధారమైనవి. పుట్టినింట అవి తరుగుట మనకు కీర్తికాదు. అమ్మక తప్పనిచో ఆ పెయ్యను ఊరిలోని బంధువులకో, పొరుగు రైతునకో ఇచ్చుట మేలు. ఊరిలో నున్నంతవరకు దాని సంతతిని మరల తెచ్చుకొనవచ్చును.

రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయమున ఒక దస్తరము తెరువదగును. ఏ యింట ఎన్ని తలలున్నవో, ఏ యేట ఏల తగ్గినవో పెద్దలు చెప్పగా చిన్నవారు వ్రాయవలెను. అడుగవలసిన పెద్దలు నేడు మన నడుమ నున్నారు. మరి యిరువదియైదేండ్లకు స్వర్ణోత్సవ సంచిక వ్రాయువారికి ఆ లెక్కయే చరిత్ర యగును.