దసరా మామూలు నుంచి జీతపు బిల్లు దాకా



ఆశ్వయుజ మాసం వచ్చిందంటే మన ఇళ్ళకు కళ వస్తుంది. త్రైమాసిక పరీక్షలు ముగిసి బడులకు దసరా సెలవులిస్తారు. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని దిగుతారు. సంఘం కార్యాలయంలో కలిసినప్పుడు డి.ఏ. బకాయిల సంగతి, మందుల బిల్లుల సంగతి అయిన తరువాత మనం ఒకరినొకరం అడిగే మాట "మనవలు వచ్చారా?" అన్నదే. ఆ పిల్లలు పది రోజులుండి వెళ్ళిపోతారు. ఈ సెలవుల వెనుక ఒక చరిత్ర ఉన్నదనీ, అది వారి ముత్తాతల నాటి బడిపంతులు జీవనానికి సంబంధించినదనీ వారికి చెప్పేవారు తక్కువ. పంచాయతీ సమితిలో ఉపాధ్యాయుల జీతపు బిల్లులు రాస్తూ చాలాకాలం గడిపినవాణ్ణి గనుక ఆ చరిత్రను నాకు తెలిసినంతలో ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

మన పూర్వపు బడిని వీధి బడి అనేవారు. ఎవరి ఇంటి అరుగో, గుడి మండపమో, ఊరి చావడో బడి. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, తరువాత తాటాకు, గంటం. ఎక్కాలు, శతక పద్యాలు కంఠస్థం. ఆదివారం సెలవు అన్నది లేదు. అది సర్కారు బడులతోను, మిషన్ బడులతోను వచ్చింది. వీధి బడికి అమావాస్య, పౌర్ణమి వంటి తిథులే సెలవులు. ఆపైన పండుగలు. పండుగలన్నిటిలోను బడికి ముఖ్యమైనది దసరా, ఎందుకంటే అది సరస్వతీ పూజ, పుస్తక పూజల కాలం.

ఈ బడుల వివరాలు మనకు కాగితం మీద దొరకడానికి ఇద్దరు దొరలు కారణం. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లను తమ తమ జిల్లాల్లోని బడుల లెక్కలు పంపమన్నాడు. 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్‌లో రాజధాని మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు తేల్చాడు. జనాభాలో 67 మందికి ఒకరన్నమాట. రెండవవాడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంప్‌బెల్ ఈయనే. ఆయన 1823లో పంపిన నివేదిక చదువుతుంటే మన తాతలు చెప్పిన బడి కళ్ళకు కడుతుంది. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరుసగా పెరిగేవి. మన పల్లెల్లో దీనినే 'శ్రీ, చుక్క' అని చెప్పుకునేవారు.

అదే నివేదికలో మరొక మాట ఉంది. పది లక్షలకు దగ్గరగా జనమున్న తన జిల్లాలో ఏడు వేల మంది పిల్లలు కూడా బడిలో లేరని, పూర్వం బడులున్న అనేక గ్రామాల్లో ఇప్పుడు లేవని, జనం బీదవారై పోవడమే దీనికి మూలమని క్యాంప్‌బెల్ తన పై అధికారులకే రాశాడు. ఒక ప్రభుత్వోద్యోగి ప్రభుత్వానికి ఇంత సూటిగా రాయడం ఏ కాలంలోనైనా తేలిక పని కాదని ఫైళ్ళు నడిపిన మనకు తెలుసు.

ఇక అయ్యవారి సంపాదన. బడిపంతుళ్ళకు పిల్లవాడికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాల వంతున వస్తుందని, మొత్తం మీద ఆరేడు రూపాయలకు మించదని, ఆ పాటి రాబడికి యోగ్యులైనవారు ఈ వృత్తిలోకి రారని మన్రో రాశాడు. తాను ప్రతిపాదించిన తాలూకా బడిపంతులుకు సర్కారు నుంచి తొమ్మిది రూపాయలు ఇవ్వమన్నాడు. కాని 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. ఆ బడులు ఆ తరువాత ఎంతో కాలం నిలవలేదు.

డబ్బు రూపంలో ఇచ్చుకోలేని ఇళ్ళవారు పంతులుకు గింజల రూపంలో ఇచ్చేవారు. వరి పండే ఊళ్ళలో కుప్పలు నూర్చేది మార్గశిర, పుష్య మాసాల్లో. ఆశ్వయుజం నాటికి పాత గింజలు గాదెలో అడుగంటుతాయి, కొత్తవి ఇంకా చేతికి రావు. ఊరందరికీ అది కటకటగా ఉండే కాలమే. ఊరి మీద ఆధారపడిన అయ్యవారికి మరీనూ. సరిగ్గా ఆ నెలలో వచ్చేది దసరా మామూలు. నవరాత్రుల్లో పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ అయ్యవారితో ఇంటింటికీ వెళ్ళేవారు. వింటి తాడు లాగి వదిలితే బుక్కాగుండ, పూలరేకులు ఇంటి యజమాని మీద పడేవి. యజమాని అయ్యవారికి డబ్బో, పంచెల చాపో ఇచ్చేవాడు. పిల్లలకు పప్పు, బెల్లం పంచేవారు.

ఆ పాటలో అయ్యవారికని అడిగేది అయిదు వరహాలు. మద్రాసు రాజధానిలో 1818లోనే వరహా పోయి రూపాయి ప్రమాణ నాణెమైంది. అయినా మా చిన్నతనం దాకా పిల్లలు వరహాలే అడిగారు. వరహాకు మూడున్నర రూపాయల చొప్పున అయిదు వరహాలంటే పదిహేడున్నర. మన్రో చెప్పిన ఆరేడు రూపాయల లెక్కన చూస్తే రెండున్నర నెలల రాబడి. పాటలోని మొత్తం ఏ ఇల్లూ ఇచ్చి ఉండదు కాని, ఆ అంకె మాత్రం అయ్యవారి అవసరానికి తగినట్టే ఉంది.

నేనూ ఆ ఊరేగింపులో నడిచినవాణ్ణే. 1958 ప్రాంతంలో మూడో తరగతి. నయాపైసలు వచ్చి ఏడాదిన్నర అయింది. పళ్ళెంలో అణా కాసులూ, కొత్త పైసలూ కలిసి పడేవి. లెక్క తేల్చడానికి మాష్టారు పెద్ద పిల్లల్ని కూర్చోబెట్టేవారు. మాలో ఒక పిల్లవాడు మాత్రం ఏటా ఆ నాలుగు రోజులూ కనిపించేవాడు కాదు. ఎక్కాల్లో అందరికంటే ముందుండేవాడు. వాళ్ళ పేట మీదుగా ఊరేగింపు వెళ్ళదు. వెళ్ళినా వాళ్ళ గుమ్మంలో ఇవ్వడానికి ఏమీ లేదు. సెలవులయ్యాక బడికి వచ్చి మేము దాచిన బెల్లం ముక్క తీసుకునేవాడు, ఏమీ అడిగేవాడు కాదు.

దసరా మామూలు గురించి ముచ్చటగా రాసేవారు ఈ మాట కూడా చెప్పాలని నా అభిప్రాయం. ఇచ్చే ఇళ్ళ మీద నడిచే బడిలో ఇవ్వలేని ఇంటి పిల్లవాడికి చోటు తక్కువ. మన్రో లెక్కల్లోని 1,88,650 మందిలో ఆడపిల్లలు 4,540 మందే. అంటరానివారన్న పేరుతో దూరంగా ఉంచిన కుటుంబాల పిల్లలను వీధి అరుగు ఎక్కనిచ్చిన ఊళ్ళు అరుదు. అది అయ్యవారి దోషమని అనలేము. ఎవరి మీద బ్రతుకు ఆధారపడిందో వారి మాట కాదనే స్వతంత్రం ఆయనకు లేదు.

ఇటీవల మా కుటుంబంలో ఒక సంభాషణ జరిగింది. మా అమ్మాయి వాళ్ళు ఇంగ్లండులో ఉంటారు. మనుమరాలు అక్కడ ప్రాథమిక పాఠశాలలో చదువుతోంది. అక్కడ అక్టోబరు ఆఖరి వారంలో 'హాఫ్ టర్మ్' అని వారం రోజులు సెలవు. కొన్ని సంవత్సరాల్లో అది మన దసరాతో కలుస్తుంది, కొన్నిటిలో కలవదు. "తాతయ్యా, మీ బడికీ మా బడికీ సంబంధం ఏమన్నా ఉందా?" అని ఫోనులో అడిగింది. ఉంది. 1787లో మద్రాసు వచ్చి అక్కడి సైనికుల అనాథ పిల్లల శరణాలయం చూసుకున్న ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూశాడు. దానిని తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే ఏర్పాటు కూడా చేసి, 1797లో లండనులో ఆ సంగతి ప్రకటించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండులో వేల మంది బీదపిల్లలకు అక్షరాలు నేర్పింది.

పంతులు కష్టం అక్కడా ఉండేది. ఇంగ్లండులో 1862 నుంచి మూడు దశాబ్దాలకు పైగా, ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్షలో ఎంతమంది పిల్లలు తేలితే బడికి అంత గ్రాంటు. మన రాజధానిలోనూ అటువంటి ఫలితాల గ్రాంటు కొంతకాలం నడిచింది. ఇక్కడ అయ్యవారు దసరా కోసం ఎదురు చూస్తే, అక్కడి మాష్టారు ఇన్‌స్పెక్టరు రాకకు భయపడేవాడు. 1891లో అక్కడ చాలా బడుల్లో ఫీజు పోయింది. 1898లో ప్రాథమికోపాధ్యాయులకు వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. బీదపిల్లలకు ఫీజు పోవడం, పంతులుకు భద్రత రావడం ఏడేళ్ళ తేడాతో జరగడం గమనించదగినది.

మన వైపు ఈ మార్పు నెమ్మదిగా వచ్చింది. తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు, 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం ఒక్కొక్క మెట్టు. 1959 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడి ప్రాథమిక పాఠశాలలు వాటి కిందికి వచ్చాయి. మా బడికి ఆ మరుసటి ఏడు కొత్త మాష్టారు వచ్చారు. దసరాకు పెద్దలు వచ్చి "ఊరేగింపు ఎప్పుడండీ?" అని అడిగితే, "పిల్లల చేత పద్యాలు పాడిస్తాను, బడిలోనే. పళ్ళెం మాత్రం పట్టను. నాకు సమితి జీతమిస్తోంది" అన్నారు. కొందరు నొచ్చుకున్నారు. ఆ ఏడు బడి వాకిట్లో పిల్లలందరూ కూర్చున్నారు, ఎక్కాల్లో ముందుండే పిల్లవాడితో సహా. బెల్లం మాష్టారే కొని పంచారు.

తరువాత 1973లో నేనే గుమాస్తాగా చేరాను. ఒక సమితిలో విద్యా సెక్షను ఇచ్చారు. దసరా నెలలో బిల్లు సబ్‌ట్రెజరీలో ఆలస్యమైతే ఉపాధ్యాయులు సైకిళ్ళ మీద వచ్చి వరండాలో నిలబడేవారు. "పండుగలోగా అందుతుందా అండీ?" అన్న ప్రశ్నలో పాత అయ్యవారి ఆశ్వయుజమే వినిపించేది. అందుకే పండుగ అడ్వాన్సు దరఖాస్తులు ముందే తెప్పించి బిల్లు కట్టేవాళ్ళం. ఆలోచిస్తే పండుగ అడ్వాన్సు కూడా దసరా మామూలుకు వారసురాలే. ఒకటే తేడా, మామూలు తిరిగి ఇవ్వనక్కర లేదు, అడ్వాన్సు పది వాయిదాల్లో జీతంలో కోతపడేది!

మాట ఎలా మారిందో కూడా చూడండి. ఆచారంగా వచ్చేది అనే అర్థంలో అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చిన మాట మామూలు. పంతులు గౌరవంగా పుచ్చుకున్న ఆ మాటకే పోను పోను లంచమన్న అర్థం వచ్చింది. ఇచ్చేవాడి ఇష్టం మీద, పుచ్చుకునేవాడి అవసరం మీద నడిచే ఏర్పాటుకు ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మన పెన్షను కథ కూడా ఇదే దారిలోది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయాభిక్ష కాదని, చేసిన సేవకు లభించే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినం జరుపుకునేది అందుకే. అయితే 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి పాత పద్ధతి వర్తించకుండా పోయింది. బడి నడిచిన కాలానికే గౌరవ వేతనం పుచ్చుకుని పనిచేసిన విద్యా వలంటీర్లను కూడా మనం చూశాము. సెలవులంటే వారికి చేతిలో డబ్బు ఆగిపోయే రోజులు. మన జీతాలకు, పెన్షన్లకు పోరాడిన సంఘాలు వారి మాట కూడా తీర్మానాల్లో చేర్చడం ధర్మం.

పిల్లల విషయంలో చట్టం ముందుకు వెళ్ళింది. మన రాష్ట్రం పేరుతో సాగిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో పద్నాలుగేళ్ళ వరకు చదువు హక్కు అన్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం, అయిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలని నిర్ణయించింది. కొట్టడాన్ని నిషేధించింది. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు అన్న లెక్క చట్టప్రకారం కూడా ముగిసింది.

సభ్యులకు నా మనవి ఒకటే. ఈ దసరాకు మీ ఇంటికి వచ్చిన పిల్లలకు మీ మొదటి బడి ఎక్కడ ఉండేదో, పంతులుగారికి ఎవరు ఏమి ఇచ్చేవారో, ఊరేగింపులో ఎవరు ఉండేవారో, ఎవరు ఉండేవారు కాదో చెప్పండి. వీలైతే ఒక పేజీలో రాసి మన పత్రికకు పంపండి. జిల్లాల గెజిటీర్లలో ఈ సంగతులు దొరకవు. మనలో చాలామందికి ఎనభై దగ్గర పడుతోంది. ఆలస్యం చేయవద్దు. ఎక్కాల్లో ముందుండే మా పిల్లవాడు తరువాత ఉపాధ్యాయుడై, ప్రధానోపాధ్యాయుడుగా రిటైరయ్యాడు. ఆయన పేజీ వచ్చే సంచికకు నేను అడిగి తీసుకుంటాను.